తొమ్మిది నిమిషాల ప్లీడరు

మా చెల్లెల్ని ఇంట్లో అందరం ప్లీడరు అంటాం. చదివేది మాత్రం యూనివర్సిటీలో గణితం, నాలుగేళ్ల కోర్సులో మూడో ఏడాది. టీలో చక్కెర ఎక్కువైందంటే, ఎంతకంటే ఎక్కువని అడిగే రకం. నేను దానికంటే ఆరేళ్లు పెద్ద. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. నాకు ముక్కు మీదే కోపం అని అమ్మ అంటుంది, నిజమే. చెల్లెలికి ఉన్నది కోపం కాదు, అంతకంటే చెడ్డది. తప్పని తెలిసినదాన్ని సరే అనడం దానికి చేతకాదు.

వాళ్ల కోర్సులో ఒక నియమం ఉంది. ఆఖరి ఏడాదిలోపు ఎనిమిది వారాలు ఎక్కడైనా ఇంటర్న్‌షిప్ చేసి సర్టిఫికెట్ తేవాలి, లేకపోతే డిగ్రీ చేతికి రాదు. కంపెనీలను పిలిపించేది యూనివర్సిటీలోని ఉద్యోగాల విభాగం. దాని ఆఫీసరు మంచి మాటకారి. బయోడేటాలో అన్నీ వచ్చని రాయండి, తర్వాత నేర్చుకోవచ్చని పిల్లలకు చెప్పేవాడు. మా చెల్లెలు ఆరు నెలలు ఒళ్లు వంచి ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. నేర్చుకుని బయోడేటాలో ఏం రాసిందంటే, చిన్న ప్రోగ్రాములు రాయగలను, పెద్దవి ఇంకా రావు అని. ఆయన తల పట్టుకున్నాడట.

మొదట వచ్చింది రవాణా సంస్థలకు సలహాలిచ్చే కంపెనీ. రాతపరీక్ష, గంటలో ఇరవై ప్రశ్నలు. నాలుగోది ఇది: ఒక స్టాపుకు సగటున పది నిమిషాలకో బస్సు వస్తుంది, అక్కడికి ఏదో ఒక వేళకు వెళ్లిన మనిషి సగటున ఎంతసేపు ఎదురుచూడాలి? ఐదు నిమిషాలు అన్నచోట టిక్కు పెట్టి ముందుకు పోవాలి. అందరూ అదే చేశారు.

మా చెల్లెలు ఆ ప్రశ్న కింద ఇచ్చిన నాలుగు జవాబులూ కొట్టేసి, కాగితం వెనక్కి తిప్పింది. బస్సులు సరిగ్గా పదేసి నిమిషాలకు వస్తేనే ఐదు. అలా కాకుండా రెండు బస్సులు నిమిషం తేడాతో వచ్చి, ఆ తర్వాత పంతొమ్మిది నిమిషాలు ఒక్కటీ రాదనుకోండి. సగటు అదే పది. కానీ మనం స్టాపుకు చేరేది ఎక్కువసార్లు ఆ పొడుగాటి ఖాళీలోనే. అప్పుడు ఎదురుచూపు తొమ్మిది నిమిషాలు దాటుతుంది. ఇదంతా రుజువుతో సహా రాసి, ప్రశ్న తప్పు, సమాచారం చాలదు అని కింద గీత గీసింది. అప్పటికి గంట అయిపోయింది. మిగతా పదహారు ప్రశ్నల దగ్గర తెల్లకాగితమే ఉంది.

అవన్నీ చేసి చివర్లో ఇది రాయకూడదా అని నేను దులిపేశాను. రుజువు మొదలుపెట్టాక మధ్యలో ఎలా వదిలేస్తారని ఎదురు నన్నే అడిగింది.

కంపెనీవాళ్లకు పౌరుషం వచ్చింది. మా ప్రశ్ననే తప్పు పడుతుందా అని ఆఫీసరుకు ఫోను చేశారు. ఆయన దీన్ని పిలిచి, క్షమాపణ రాసివ్వకపోతే ఈ ఏడాదీ వచ్చే ఏడాదీ ఏ కంపెనీ ముందూ కూర్చోనివ్వనని తేల్చిచెప్పాడు. డిగ్రీ చేజారుతుందని భయపడ్డాను. అది స్నానానికి వెళ్లినప్పుడు నేనే దాని తరఫున ఉత్తరం రాసి పెట్టాను. తొందరపాటుతో, అవగాహన లేక అలా రాశాను, మన్నించండి అని.

అది వచ్చి చదివి, ఎర్ర పెన్ను తీసి, నిజం కాని ప్రతి వాక్యం కిందా గీత గీసింది. చివరికి తేదీ ఒక్కటే మిగిలింది.

"అక్కా, పేషెంటు బాధపడతాడని రిపోర్టులో అంకె మారుస్తావా నువ్వు?"

ఆ ఉత్తరం నేనే చింపేశాను. ఆఫీసరు జాబితాలోంచి దాని పేరు కొట్టేశాడు.

మూడో రోజు నుంచి ఇది మా ఆసుపత్రి ఎదురుగా ఉన్న బస్‌స్టాపులో నోటుబుక్కు పట్టుకుని నిలబడింది. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎవరు ఎంతసేపు నిలబడ్డారు, అన్నీ రాసుకునేది. అలా మూడు వారాలు. మీ చెల్లెలు ఎవరి కోసం చూస్తోందని ల్యాబులో ఆరాలు తీశారు. పదకొండో నంబరు బస్సు కోసం అని కసిరాను. లెక్క తేలింది. బస్సుల మధ్య సగటు పదకొండు నిమిషాలు, జనం ఎదురుచూపు ఎనిమిదిన్నర.

ఆ కాగితాలు పట్టుకుని బస్ డిపోకు వెళ్తానంటే నేను సెలవు పెట్టి వెంట వెళ్లాను. డిపో మేనేజరు గదిలో డీజిలు వాసన, గోడకు టైముల పట్టికలు. ఆయన ముందు విసుక్కున్నాడు, తర్వాత కళ్లజోడు పెట్టుకున్నాడు, ఆ తర్వాత మమ్మల్ని కూర్చోమన్నాడు. రికార్డుల్లో అన్నీ బాగానే ఉన్నా జనం ఎందుకు తిడుతున్నారో తనకు ఇన్నాళ్లూ అంతుపట్టలేదన్నాడు. కానీ ఇంటర్న్‌షిప్ మాట ఎత్తేసరికి తల అడ్డంగా ఊపాడు.

"ఇక్కడ అలాంటివేం లేవమ్మా. ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు."

"అయితే నేనే మొదటిదాన్ని సార్."

ఆయన నవ్వలేదు. కాగితాలు ఇంకోసారి మొదట్నుంచి చూశాడు. టైమ్‌కీపరు పక్కన కుర్చీ వేయిస్తానని, ఎనిమిది వారాలకు ఉత్తరం టైపు చేయించి స్టాంపు కొట్టిచ్చాడు. వాళ్ల గణితం లెక్చరరు ఇంటర్న్‌షిప్‌గా ఒప్పుకుని దాని మీద సంతకం చేసింది. డిగ్రీ గండం గట్టెక్కింది.

వారం తిరక్కుండా ఆఫీసరు కబురు పెట్టాడు. దానికి తోడుగా నేనూ వెళ్లాను. ఈసారి మాటల్లో తేనె ఒలికింది. ఈ ఇంటర్న్‌షిప్ మా విభాగం ద్వారానే వచ్చిందని ఒక కాగితం సిద్ధంగా ఉంచాడు. సంతకం పెడితే కొట్టేసిన పేరు మళ్లీ ఎక్కిస్తాడట. వచ్చే ఏడాది ఉద్యోగాలకు మూడు పెద్ద కంపెనీలు వస్తున్నాయని కూడా చెప్పాడు. నేను పక్కనుంచి దాని చెయ్యి గిల్లాను. నాకు అది సంతకం పెట్టాలనే ఉంది, దాచుకోవడం దేనికి.

"నా పేరు మీరు కొట్టేశారు సార్. ఇది నేను వెతుక్కున్నది."

"ఒక్క సంతకమేగా, ఎవరికి నష్టం చెప్పు?"

"నష్టం సంగతి కాదు సార్. అలా జరగలేదు."

పెన్నుకు మూత పెట్టి ఆయన బల్ల మీద ఉంచి లేచింది. నేను కూడా లేచాను. ఏం చెయ్యను.

మెట్ల మీద, భయం లేదుటే నీకు అని అడిగాను. ఉందక్కా, లేదంటే అబద్ధం అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"వచ్చే ఏడాది నిన్ను ఏ కంపెనీ ముందూ కూర్చోనివ్వడే."

"డిపోకి వెళ్లినట్టే వాళ్ల దగ్గరికీ వెళ్తానక్కా. వాళ్ల గుమ్మాలు ఈయన జేబులో లేవుగా."