హారతి వద్దన్న పెద్దమ్మ

ఉప్పుగూడలో మేము అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు మొన్న మంగళవారం ఉదయం ఆసుపత్రిలో కన్నుమూశారు. బంధుత్వం లేకపోయినా ఆమెను నేను పెద్దమ్మా అనే పిలిచేవాడిని. ఆమె వాకిట్లోని గోబర్ గ్యాస్ తొట్టిని ఎరుగనివారు మా వాడకట్టులో లేరు గనుక, ఆమెను తలచుకోవడం కూడా అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆమె భర్తకు పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం ఉండేది. ఆయన పోయిన తరువాత ఆమె వాకిట్లో తొట్టి కట్టించి, అందులో ఇనుప డ్రమ్మును బోర్లింపజేశారు. మొదట పేడ, తరువాత ఇరుగుపొరుగు ఇళ్ల కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం నీళ్లలో కలిపి పోసేవారు. లోపల గ్యాస్ పుట్టేకొద్దీ డ్రమ్ము పైకి లేచేది. పొయ్యి వెలిగిస్తే కిందికి దిగేది. ఒక గొట్టం ఆమె వంటింటికి, మరొకటి వెనుకనున్న మా వాటాకు.

ప్రారంభం నాడు ఆమె మరిది పళ్లెంలో కర్పూరం వెలిగించబోయారు. రాత్రి కళాశాలలో పట్టా పొందినవాడినని నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ప్రసంగం రాసుకుని సిద్ధంగా నిలుచున్నాను. పెద్దమ్మ పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టారు.

“హారతి ఇంట్ల దేవునికి ఇయ్యి. దీనికి దండం చాలు.”

“హారతి లేకుండ మొదలువెడ్తరా వదినా? గిదేం పద్ధతి?”

“మొదలొచ్చే గ్యాస్‌ల గాలి కలిసుంటది. దానికి నిప్పు తగిలిందనుకో, హారతి కాదు, మనమే దేవుని తాన తేల్తం.”

అందరూ నవ్వారు. మరిది నవ్వలేదు. పెద్దమ్మ నా వైపు తిరిగి, “నీ కాగితం తర్వాత చదువు బిడ్డా. జేబుల అగ్గిపెట్టె ఉంటే ముందుగాల అవుతల పెట్టిరా” అన్నారు. తొలి గ్యాస్‌నంతా వెలిగించకుండానే గాలిలోకి వదిలేశారు. ఆ పొయ్యి మీద టీ తాగుదామని వచ్చినవారు ఊరికే వెళ్లిపోయారు. మరిది చాలాకాలం ఆ వాకిట్లో అడుగుపెట్టలేదు. అది ఆమెను బాధించేది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ప్రతి ఉదయం, భర్త గడ్డం గీసుకునే పాత బ్రష్షుతో గొట్టాల అతుకులకు సబ్బు నురగ పూసి చూసేవారు. ఎక్కడైనా బుడగ లేస్తే ఆ పూట పొయ్యి లేదు. “నా ముక్కు ముసలిదైంది బిడ్డా, బుడగనే నమ్ముత” అనేవారు.

ఆమె ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ వాడకట్టువారు అభిమానం కొద్దీ రోజూ తొక్కలు తెచ్చి పోశారు. పొయ్యి వెలిగించేవారే లేరు. మేమూ ఆమె వెంట ఆసుపత్రిలోనే ఉన్నాము. మంగళవారం ఆమెను తెచ్చి వాకిట్లో పడుకోబెట్టి, తల దగ్గర దీపం పెట్టారు. పక్కనే డ్రమ్ము నిండుగా లేచి ఉంది. లోపల పట్టని గ్యాస్ అంచు చుట్టూ బుడగలై బయటికి పొంగుతోంది. ఆ దీపాన్ని ఆర్పమని ఏ ఇంట్లోనూ అనలేము. ఎలా చెప్పాలా అని నేను మాటలు కూర్చుకుంటుండగానే, మరిది దీపాన్ని రెండు చేతులతో ఎత్తుకున్నారు.

“హారతే వద్దన్న మనిషి. ఈడ దీపం పెడితే లేచి తిడ్తది. బయటి అరుగు మీదికి నడువుండ్రి.”

మేము ఆమెను ఎత్తుకుని దీపం వెంట నడిచాము.

ఆమె చివరి స్నానానికి వేడినీళ్లు కావాలన్నారు. నేను ఆ బ్రష్షుతోనే మా గొట్టం అతుకులకు నురగ పూసి, బుడగ లేదని చూసుకుని, పొయ్యి వెలిగించాను. నీళ్లు కాగాక గుమ్మంలోకి వచ్చి చూశాను. వాకిట్లో ఎవరూ లేరు. డ్రమ్ము వేలెడు కిందికి దిగింది. అంచు చుట్టూ బుడగలు ఆగిపోయాయి.