లచ్చవ్వ విడిచిపోయిన పిల్లి

నా చిన్నతనంలో మరమగ్గాలు ఆగిపోవడం ఒక్కసారే చూశాను... లాక్‌డౌన్ పెట్టిన ఏడాది. అప్పుడు నేను ఏడో తరగతి. సూరత్‌లో, నవాగామ్‌లో, మా గల్లీ చుట్టూ పగలూ రాత్రీ మగ్గాల చప్పుడే. అందులోనే పుట్టి పెరిగినదాన్ని... అది ఆగిన రోజు చెవుల్లోంచి ఏదో జారిపోయినట్టు అనిపించింది. పట్టపగలు ఏ ఇంట్లో చెంచా కిందపడినా బిల్డింగంతా వినిపించేది.

మా పక్క అర్రలో లచ్చవ్వ ఉండేది. జగిత్యాల వైపు ఆమె ఊరు. ఒక్కతే ఉంటూ చీరలు మడతపెట్టే పనికి పోయేది. తోడుకి ఒక బూడిదరంగు పిల్లి, పేరు బుడ్డి. కళ్లు తెరవని పిల్లగా ఉన్నప్పుడు ఎవరో మోరీ కాలువ పక్కన పారేసిపోతే తెచ్చి పెంచుకుంది.

పనులు బందయ్యాక ఊరినుంచి ఆమె కొడుకు పర్మిషన్ తెచ్చుకుని జీపులో వచ్చాడు. పిల్లిని మాత్రం ఎక్కించనివ్వలేదు. లచ్చవ్వ మా అమ్మ చేతులు పట్టుకోబోయి, దూరం ఉండాలని గుర్తొచ్చి ఆగిపోయింది.

"బుడ్డిని జర సూస్కో బిడ్డా... ఎవలన్న మంచోళ్లకియ్యి."

అమ్మ మాటిచ్చింది.

బుడ్డి మేం పెట్టిన అన్నం తినేది గానీ ఇంట్లో నిలిచేది కాదు. నాలుగో రోజు మధ్యాహ్నం కింది అంతస్తులో దర్జీ గడప ముందు పోయి కూర్చుంది. అరవదు, కదలదు... చెవులు నిక్కించి, తలుపు కింది సందులోకి చూస్తూ పొద్దుగూకే దాకా అట్లాగే. రెండు రోజులకు తెల్ల డ్రస్సులవాళ్లు వచ్చి దర్జీని అంబులెన్సులో తీసుకుపోయారు.

అప్పటికి ఎవరూ ఏమీ అనుకోలేదు.

తర్వాత పై అంతస్తులో రాజేశం పెద్దబాపు గడప ముందు కూర్చుంది. మా బాపుతో కలిసి మగ్గాల మీద పనిచేసే మనిషి ఆయన. ఈసారి ఆయన తల్లిని తీసుకుపోయారు. దర్జీ తిరిగొచ్చాడు... ఆమె రాలేదు. కడసారి చూపు కూడా దక్కలేదు.

ఇక ఆ రోజునుంచి బుడ్డి మెట్లెక్కుతుంటే గొళ్లాలు ఒక్కొక్కటే పడేవి... టక్, టక్, టక్. పిల్లలం కిటికీ సందుల్లోంచి అది ఎటు పోతుందా అని చూసేవాళ్లం. మా అంతస్తు దాటితే ఊపిరి పీల్చుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం అది దాటిపోలేదు.

మా గడప ముందే కూర్చుంది. తలుపు సందులోంచి దాని మీసాలు కనిపిస్తున్నాయి. లోపల బాపు గోడవైపు తిరిగి, తువ్వాల నోటికి అదుముకుని పడుకున్నాడు. దగ్గు బయటికి వినపడితే తీసుకుపోతారని రెండు రోజులుగా అట్లాగే ఉన్నాడు. అమ్మకు తెలుసు. నాకు అప్పుడు అర్థమైంది.

కాసేపటికి రాజేశం పెద్దబాపు గోనెసంచి పట్టుకుని దిగాడు. వెనక ఇంకో ఇద్దరు.

"జరుగు చెల్లె. దీన్ని ఖాడీల పారేసొస్త."

ఖాడీ అంటే మా గల్లీ చివర పారే మురికికాలువ. అమ్మ గడప మీద అడ్డంగా నిలబడింది.

"మాటిచ్చిన అన్నా. లచ్చవ్వకు ఒక్కపారి ఫోన్ చెయ్యనియ్యి."

స్పీకర్ పెట్టి జరిగిందంతా చెప్పింది. అవతల లచ్చవ్వ దగ్గింది. కొత్త దగ్గు కాదు... చీరల దుమ్ముకు ఏళ్లుగా వస్తున్నదే.

బుడ్డి చటుక్కున లేచింది. అమ్మ కాళ్ల మీదికి ఎగబాకి, ఫోన్‌కు మూతి రుద్దుతూ అరిచింది. లచ్చవ్వ పోయినప్పటినుంచి దాని గొంతు వినడం అదే మొదటిసారి.

"దగ్గొచ్చినప్పుడల్ల లేసి ఇన్ని పాలు తాగేదాన్ని బిడ్డా... దానికింత పోసేదాన్ని. యాడ దగ్గు ఇనవడ్డా నేనే అనుకుంటది. అది నన్ను దేవులాడుతుంది."

రాజేశం పెద్దబాపు సంచి కింద పడేసి మెట్ల మీద కూలబడ్డాడు.

"మా అవ్వ దగ్గు దాసిపెట్టిందే చెల్లె... పిల్లికి ఇనవడ్డది, నాకు ఇనవడలే."

లోపలినుంచి బాపు దగ్గాడు. ఈసారి తువ్వాల అడ్డం పెట్టుకోలేదు. మరుసటి రోజు టెస్టుకు పోయాడు... పది రోజులు కోవిడ్ సెంటర్లో ఉండి, బాగై వచ్చాడు.

బుడ్డికి ఇల్లు చూసింది రాజేశం పెద్దబాపే. వెనక గల్లీలో ముత్యం తాత అని ఉండేవాడు. ముప్పై ఏళ్లు మగ్గాల దుమ్ము పీల్చిన ఛాతీ. టెస్టు రెండుసార్లు చేసినా ఏమీ లేదని తేలింది... అయినా ఆ దగ్గుకు జడిసి ఎవరూ దగ్గరికి పోయేవారు కాదు. అన్నం ప్యాకెట్ దూరంనుంచే విసిరేవారు. అట్టపెట్టెలో బుడ్డిని పెట్టుకుని పెద్దబాపు, అమ్మ, నేను ముగ్గురం వెళ్లాం.

"మనుషులే వస్తలేరు... పిల్లి ఉంటదా?" అన్నాడు తాత. అంటూనే దగ్గాడు.

పెట్టె కదిలింది. బుడ్డి బయటికి దూకి ఆయన ముందు నిలబడి ముఖంలోకి చూసింది... చాలాసేపు చూసింది. ఆమె కాదని దానికి తెలిసిపోయిందనే అనుకున్నాం. వెనక్కి వస్తుందేమోనని పెట్టె మూత తెరిచే పట్టుకున్నాను.

రాలేదు. మెల్లగా పోయి ఆయన మంచం కింద ముడుచుకుని పడుకుంది. తాత మాస్కు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత రోజూ పాలు ఇచ్చే వంకతో రాజేశం పెద్దబాపు అక్కడికి పోయేవాడు. ఆయన్ని చూసి ఇంకొందరు కూడా ఆ తలుపు దాకా పోవడం మొదలుపెట్టారు. తాత రెండేళ్లు బతికాడు... బుడ్డి చివరిదాకా అక్కడే ఉంది.

ఇప్పుడు మేం సొసైటీ ఫ్లాట్‌కు మారాం. ఎదురింట్లో ఉండేవాళ్ల పేరు కూడా తెలియదు. అప్పుడు భయపడి తలుపులేసుకున్నాం... ఇప్పుడు భయం లేకపోయినా వేసుకునే ఉంటున్నాం. ఆ రోజుల్లో మీ గల్లీలో ఎవరి తలుపు ఎవరు తట్టారో... గుర్తుంటే కింద రాయండి, నాకు చదవాలనుంది.