రోకలిబండ మరక

ఒమాన్‌లోని బర్కాలో నేను పనిచేసే ఖర్జూరం తోటకు నీళ్లు పారించగానే పాదుల్లోంచి రోకలిబండలు బయటికొస్తాయి. మా ఊళ్లో తొలకరికి గోడలెక్కేవాటిలాంటివే. వేలెడు పొడవు, గుండ్రటి నల్లటి ఒళ్లు, కట్లు కట్లుగా గట్టి పెంకు. ఒక్కో కట్టు కింద రెండేసి జతల కాళ్లు. అన్ని కాళ్లుండీ దానికి తొందరన్నది లేదు. ముట్టుకుంటే చాలు, చుట్ట చుట్టుకుని పడుకుంటుంది.

ఆ పొద్దున పాదు సరిచేస్తుంటే ఒకటి నా అరచేతి కింద నలిగింది. ఏదో పసుపురంగు రసం, ముక్కు పగిలే ఘాటు. ఎంత కడిగినా పోలేదు. కాసేపటికి అరచెయ్యంతా ముదురు గోధుమరంగుకు తిరిగింది. నొప్పి మాత్రం లేదు.

కాయ కోతల కాలం. వారాల తరబడి సెలవన్నదే లేదు. నిలబడే కునికిపాట్లు పడుతున్నాను. కానీ అలిసిపోయానంటే ఇక్కడ ఎవడు వింటాడు? కంటికి గాయం కనబడాలి.

నాతోపాటే తోటలో పనిచేసే, నా రూమ్‌లోనే ఉండే జగిత్యాల అన్న ఆ చెయ్యి చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"తమ్మీ, నీ పంట పండిందిరా! జెర్రి కుట్టిందని చెప్తా, ఊకో."

"రోకలిబండనే అన్నా. ఇది కుట్టదు."

"గది నీకు నాకు ఎరుక. అర్బాబుకేం ఎరుక? రెండు దినాలు రూమ్‌ల పండుకుంటవ్."

పడుకోవడమన్న మాట వినగానే చెయ్యి అన్న ముందుకు చాపాను. అన్న తన తువ్వాలుతో నా మణికట్టు బిగించి కట్టి, తోట యజమాని రాగానే లబలబలాడాడు. "కీడా కాటా అర్బాబ్! బహుత్ జహర్!"

ముసలి అర్బాబు నా చెయ్యి చూశాడు, వాసన చూశాడు. వంగి పాదులోంచి ఒక రోకలిబండను తీసి తన అరచేతిలో పెట్టుకున్నాడు. అది చుట్టుకుంది. చిన్నప్పుడు వీటితోనే ఆడుకునేవాణ్నని వచ్చీరాని హిందీలో చెప్పి పడీపడీ నవ్వాడు. "ఖలాస్. కామ్ కరో." పురుగును నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

అన్న తువ్వాలు విప్పుతూ గొణిగాడు. "మన ఊరి పురుగు ఈనకెట్ల ఎరుకరా?"

నాకు నవ్వు రాలేదు. నిజంగా ఏడుపొచ్చింది. చేతిలో అది ఇంకా చుట్టుకునే ఉంది. హాయిగా పడుకున్న దాన్ని చూస్తే కుళ్లు పుట్టింది. నీడలో, తడిమట్టి మీద మెల్లగా పడుకోబెట్టి, పార అందుకున్నాను.