జోగేశ్వరరావుగారు పొరబడ్డారు, గమనించగలరు

వేగివారిపాలెం నీటి సంఘం అధ్యక్షులు జోగేశ్వరరావుగారికి చుట్ట లేదు, పేకాట లేదు, మందు కోసం యానాం వెళ్ళొచ్చే అలవాటు అసలే లేదు. ఉన్న వ్యసనం ఒక్కటే. తను పొరబడ్డానని తెలిస్తే చాలు, ఆ సంగతి ఊరంతటికీ మైకులో చెప్పించాలి. చెప్పిస్తే గాని ఆ పూట ఆయనకి అన్నం సయించదు.

చెప్పే పని యెహెజ్కేలుది. పెళ్ళిళ్ళకీ, ప్రార్థన సభలకీ, పాలకొల్లులో కొత్త సినిమా పడినప్పుడూ మైకుసెట్టు అతనిదే. జోగేశ్వరరావుగారు కాగితం ముక్క మీద రాసిస్తే, అతను రిక్షాలో కూర్చుని వీధి వీధీ తిరుగుతూ చదివేవాడు. "వేగివారిపాలెం గ్రామ ప్రజలకు మనవి" అని మొదలు. "జోగేశ్వరరావుగారు పొరబడ్డారు, గమనించగలరు" అని ముగింపు. మధ్యలో తప్పు మాత్రం మారుతూ ఉండేది.

తొంభై అయిదులో ఊళ్ళోకి ఎస్టీడీ బూత్ వచ్చింది. ఆయన పంచాయతీ అరుగు మీద నిలబడి, "ఎదురుగా మొహం లేకుండా మాట్లాడుకుంటే అబద్ధాలు పెరుగుతాయి. ఆ డబ్బా మనకొద్దు" అన్నారు. నెల తిరక్కుండా రిక్షా బయలుదేరింది. "ఫోను వల్ల అబద్ధాలు పెరుగుతాయని అన్నారు. మొహాలు ఎదురుగా పెట్టుకుని కూడా జనం అన్ని అబద్ధాలూ ఆడుతూనే ఉన్నట్టు తెలిసింది. జోగేశ్వరరావుగారు పొరబడ్డారు, గమనించగలరు." ఆ తర్వాత బూత్‌లో అందరికంటే ఎక్కువసేపు మాట్లాడింది ఆయనే.

ఇంకోసారి చుట్టాలు నలుగురూ భోజనానికి కూర్చున్నప్పుడు, భార్య పాపాయిగారు పెట్టిన బొమ్మిడాయిల పులుసు నోట్లో పెట్టుకుని, "చింతపండు ఎక్కువైంది" అనేశారు. ఆవిడ మొహం చిన్నబోయింది. అంతే, సాయంత్రానికి పులుసు రుచిగా ఉందనీ, తప్పు నాలుకదేననీ ఊరంతా మోగిపోయింది. పాపాయిగారు సిగ్గుతో రెండు రోజులు వీధి గుమ్మంలోకి రాలేదు.

"పులుసు సంగతి ఊరికెందుకండీ? నాకు చెబితే చాలదా?" అని ఆవిడ నిలదీసింది.

"నలుగురిలో అన్నానుగా. నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి," అన్నారాయన.

ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు వచ్చినప్పుడు శివారు రైతులొచ్చి, "తమరి తప్పులు మాదాకా వినపడట్లేదండి" అని ఫిర్యాదు చేశారు. శివారంటే కాలువ చిట్టచివరి పొలాలు. పైవాళ్ళందరి చేలూ తడిసి, ఇంకా మిగిలితేనే అక్కడికి నీరు. "నీళ్ళే కాదు, నా తప్పులు కూడా శివారుకి అందట్లేదన్నమాట," అని జోగేశ్వరరావుగారు చాలా నొచ్చుకున్నారు. అప్పటినుంచి రిక్షా పోయి ఆటో వచ్చింది. దాని నెత్తిన రెండు బాకాలు.

ఊరు నవ్వుకునేది. యెహెజ్కేలు అందరికంటే ఎక్కువ నవ్వుకునేవాడు. పెద్దాయనకి కాస్త తిక్క, పాపం, అని అతని గట్టి నమ్మకం. రెండువేల మూడు దాళ్వాలో, అంటే ఆ ఏటి రెండో పంటకి, మాత్రం అతనికి నవ్వు రాలేదు.

ఆ ఏడు గోదావరిలో నీళ్ళు తక్కువ. కాలువలో మోకాలి లోతు కూడా పారడం లేదు. శివారు చేలు సరిగ్గా వెన్ను తీయబోతూ పొట్ట మీద ఉన్నాయి. పది రోజుల్లో తడి అందకపోతే అరవై కుటుంబాల పంట తాలుపోతుంది. అందులో యెహెజ్కేలు కౌలుకి చేస్తున్న ఎకరం కూడా ఉంది. శివారు తరఫున సంఘంలోకి కొత్తగా గెలిచిన దుర్గాశ్రీకి ఇరవై ఆరేళ్ళు. సోమవారం మీటింగులో లేచి నిలబడి, చేతిలో కాగితం చూడకుండా చెప్పింది.

"నాలుగు రోజులు పై తూములన్నీ మూసేద్దామండి. ముందు శివారు తడుపుకుందాం. తర్వాత నాలుగు రోజులు పైవాళ్ళు తీసుకుంటారు. వాళ్ళది బంకమట్టి. నాలుగు రోజులకి ఎండదండి."

కాలువ మొదట్లో పాతికెకరాలున్న వెంకటరత్నంగారు కండువా దులిపి లేవబోయారు. ఆయన లేచారంటే పైరైతులందరూ లేస్తారు. ఒకసారి కాదన్నాక ఆయన చేత ఔననిపించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. కానీ ఆయనకంటే ముందే జోగేశ్వరరావుగారు బల్ల మీద చెయ్యి చరిచారు.

"కుదరదు. మా తాతల నాటినుంచి మొదటి చేనుకే మొదటి నీళ్ళు. నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయి కాలువని తిరగేస్తానంటే కుదరదు."

దుర్గాశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంకటరత్నంగారికి మాత్రం కడుపు నిండిపోయింది. "అదండీ పెద్దరికమంటే," అని మళ్ళీ కూర్చున్నారు. పైరైతులందరూ కుర్చీలు జరుపుకుని జోగేశ్వరరావుగారి వెనక చేరారు.

"ఊరికే కాదంటే సరిపోదు వెంకటరత్నం. ఈ అమ్మాయి చెప్పింది తప్పని రుజువు చెయ్యాలి," అన్నారాయన. "మన తూములు మనమే నాలుగు రోజులు మూద్దాం. మన చేలు బీటలు వారాక ఈవిడే రాజీనామా ఇస్తుంది. ఏమంటావు?"

"అలాగే కానివ్వండి. ఒక్క చుక్క కూడా తీసుకోం. చుక్క తీసుకున్నా పరీక్ష సరిగ్గా జరగలేదంటుంది."

ఈ మాటలేవీ యెహెజ్కేలు వినలేదు. పెద్దాయన కుదరదనగానే వెనక బెంచీలోంచి లేచి బయటికి వచ్చేశాడు. పెద్దాయన తిక్క ఈసారి తన పిల్లల కంచం మీదికే వచ్చిందని ఒళ్ళు మండిపోయింది. ఇక జన్మలో ఆయన కాగితం చదవకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

తర్వాత నాలుగు రోజులూ ఆ కాలువ గట్టు మీద ఎన్నడూ చూడని వింతలు జరిగాయి. పైరైతులే తూముల దగ్గర కాపలా కాశారు. వెంకటరత్నంగారు గొడుగేసుకుని, క్యారేజీ తెప్పించుకుని, తన తూము మీద తనే కూర్చున్నారు. తలుపు సందులోంచి సన్నటి ధార కారుతుంటే గోనెసంచి కుక్కించారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ కాలువ మీద తూములు చూసుకునే లస్కరుగా ఉన్న చిట్టియ్య అది చూసి, "ఇన్నాళ్ళూ ఈ సందులు మూయమని నేను కాళ్ళు పట్టుకున్నా మూయలేదండి వీళ్ళు," అని దారిన పోయేవాళ్ళందరికీ చెప్పాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం యెహెజ్కేలు చేలోకి నీళ్ళొచ్చాయి. ముందు బోదె కాలువలో చెత్త కదిలింది, తర్వాత నురగ, ఆ వెనక ఎర్రటి నీళ్ళు. అతను గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. అంత ఆనందం అతనికి తన పెళ్ళిలో కూడా కలగలేదు.

అదే సమయానికి పైచేల దగ్గర ఊరంతా పోగైంది. జోగేశ్వరరావుగారు పంచె ఎగ్గట్టి ముందుగా తన చేలోకే దిగారు. కాలు చీలమండ దాకా దిగబడిపోయింది. బంకమట్టి బురద బురదగానే ఉంది. అందరి చూపులూ మెల్లగా వెంకటరత్నంగారి మొహం వైపు తిరగబోతున్నాయి. సరిగ్గా అప్పుడే జోగేశ్వరరావుగారు కాలు లాక్కోబోయి బురదలో చతికిలపడ్డారు. గట్టు గట్టంతా గొల్లుమంది.

ఆయన బురదలోనే కూర్చుని, "పొరబడ్డానయ్యా," అన్నారు. "అమ్మాయి చెప్పిందే నిజం. నేను మొండికేసి మిమ్మల్నందర్నీ చెడగొట్టాను. వెంకటరత్నం, నువ్వు నా మాట పట్టుకునే కదా ఇంత దూరం వచ్చావు."

వెంకటరత్నంగారు ఒక్క క్షణం ఆలోచించారు. ఆ మాట ఆయనకి బాగా నచ్చింది. "పోనివ్వండి, పెద్దవారు," అని చెయ్యిచ్చి లేపారు. "ఇకనించి వంతుల ప్రకారమే కానిద్దాం. ఏమ్మా దుర్గాశ్రీ, ఆ వంతుల పట్టీ నువ్వే రాయి."

ఆ కబురు అందగానే, ఒట్టు సంగతి మరిచిపోయి యెహెజ్కేలు ఆటో తీసుకుని కాగితం కోసం వెళ్ళాడు. పెద్దాయన దొడ్లో బురద కడుక్కుంటున్నారు. పాపాయిగారు దేవుడి గూట్లోంచి కాగితం తీసి ఇచ్చింది.

"ఆదివారమే రాసి జేబులో పెట్టుకున్నారు నాయనా. సోమవారం పొద్దున చొక్కా ఉతకబోతే దొరికింది. తడిసిపోతుందని తీసి దాచాను."

యెహెజ్కేలు చదివాడు. నాలుగు రోజులు తూములు మూసినా పైచేలు ఎండలేదనీ, జోగేశ్వరరావుగారు పొరబడ్డారనీ ఉంది. రాసింది ఆదివారం. ఆయన బల్ల చరిచింది సోమవారం మధ్యాహ్నం. యెహెజ్కేలు మళ్ళీ మొదటినుంచీ చదివాడు.

"ఏంటండీ ఇది?" అన్నాడు, ఆయన తల తుడుచుకుంటూ రాగానే.

జోగేశ్వరరావుగారు దొరికిపోయిన పిల్లాడిలా భార్య వైపు చూశారు. తర్వాత మెల్లగా చెప్పారు. "శనివారం ఆ అమ్మాయి నన్ను శివారు గట్టు మీద నడిపించింది. నలభై ఏళ్ళుగా ఈ కాలువ మీద పెద్దరికం చేస్తున్నాను. ఆ చివరిదాకా నడిచింది అదే మొదలు. సిగ్గేసింది. నేనే ముందు ఔనంటే వెంకటరత్నం కాదనేవాడు. ఒకసారి కాదన్నాక, చేను తడిగా ఉన్నా కూడా కాదనే అనేవాడు. చెడ్డవాడు కాదురా. మాట మార్చుకుంటే పరువు పోతుందని భయం. ఆ భయం నాకెప్పుడో పోయింది. నువ్వేగా పోగొట్టావు, మైకులో."

"అమ్మాయిగారికి తెలుసా అండి?"

"తెలీదు. నన్ను ఓడించాననుకుంటోంది, అనుకోనీ. వచ్చే ఏడు నా కుర్చీలో కూర్చోవాల్సింది తనే."

"మరి పాతవి కూడా ఇలాంటివేనా అండి?"

"ఛ ఛ. చాలామట్టుకు నిజంగా పొరబడ్డవే. పులుసు సంగతైతే మరీను."

ఆటో బయలుదేరింది. రామాలయం మలుపులో వెంకటరత్నంగారు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

"నా పేరు కూడా చదువు."

"ముందా అండి, వెనకా అండి?"

"ఆయన తర్వాతే. వరస ఉండాలిగా."

అది విని ఇంకో రైతు వచ్చాడు, తర్వాత మరొకడు. శివారు చేరేసరికి పొరబడ్డవాళ్ళ పేర్లు పదిహేడయ్యాయి. దుర్గాశ్రీ గట్టు మీద నిలబడి ఒక్కో పేరుకీ నవ్వుతోంది. శివారు ఆడవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. ఊరి చరిత్రలో అన్ని తప్పులు ఒక్క సాయంత్రం వినపడటం అదే మొదలు. చివర్లో యెహెజ్కేలు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చూడకుండా చదివాడు.

"మైకు యెహెజ్కేలు ఒక మనిషిని ఇన్నాళ్ళూ తిక్కమనిషి అనుకున్నాడు. యెహెజ్కేలు పొరబడ్డాడు, గమనించగలరు."

తిరిగొచ్చేసరికి జోగేశ్వరరావుగారు తన పక్కనే ఇంకో పీట వేయించి ఉంచారు. "కాగితంలో లేనివి చదువుతున్నావంట. కూర్చో," అన్నారు. పాపాయిగారు ఇద్దరికీ బొమ్మిడాయిల పులుసు వడ్డించి, ఎలా ఉందో చెబుతారని అక్కడే నిలబడింది.

యెహెజ్కేలు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పులుపుకి పళ్ళు జివ్వుమన్నాయి. మెల్లగా పెద్దాయన వైపు చూశాడు.

జోగేశ్వరరావుగారు తలెత్తకుండా పులుసు మారు వడ్డించుకుంటున్నారు.