గుప్పెడు మట్టి కోసం షామీర్‌పేట గుట్టకు

మా కాలేజీ సార్ నమ్మి ఇచ్చిన ఐదు గింజలు మొలిచినయి. నాలుగు మొలకలు పసుపుబడి చచ్చిపోయినయి. ఇగ మిగిలింది ఒక్కటే. షామీర్‌పేట దగ్గరి ఒక గుట్ట మీద తప్ప యాడ కనబడని పూలమొక్క అది, జనుము జాతిది. అది గూడ పోతే నా డిగ్రీ ప్రాజెక్టు పోయినట్టే. గుట్ట మీద దాని అక్కచెల్లెండ్లు ఎట్ల బతుకుతున్నయో చూద్దామని, శనివారం పొద్దుగాల ఏడింటికి కుండీ సంకల పెట్టుకొని అల్వాల్‌ల రైలెక్కిన.

ఎదురు సీట్ల అవ్వ, "ఏంది బిడ్డా, మెంతికూరనా?" అన్నది.

"దొరకని పూలచెట్టు అవ్వా!"

"గట్లయితే గింత పాణం లేనట్టు ఎందుకున్నది?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ముప్పావు గంటల మేడ్చల్. స్టేషన్ బయట నా క్లాస్‌మేట్ రూత్ ఇడ్లీ పొట్లంతోటి నిలబడ్డది. దాని ప్రాజెక్టు మట్టిల బాక్టీరియా. రెండేండ్ల సంది మాకు ఒకటే లొల్లి, నా మొక్క గొప్పదా, దాని బాక్టీరియా గొప్పదా అని. సెవెన్ సీటర్ ఆటోల పదిమంది నడుమ ఇరుక్కొని మల్ల మొదలువెట్టినం.

"నా మొక్కలు వేళ్ల మీద లెక్కవెట్టొచ్చు. నీవి చెంచాడు మట్టిల ఊరి జనం కన్నా ఎక్కువ. దేనికి విలువ, చెప్పవే!"

"నీది ముట్టుకుంటే చస్తది. నావోళ్లు చెప్పుల కింద తొక్కినా బతుకుతరు," అని రూత్ కుండీల వేలు పెట్టి చూసింది. "గీ మట్టి యాడిది?"

"ఇంటెనకది. పురుగు పుట్ర లేకుంట కుక్కర్ల మూడు విజిళ్లు పెట్టిన."

"ఓసినీ! మట్టిని ఉడకవెట్టినవా? దీని వేర్లకు నత్రజని అందిచ్చేది నావోళ్లే! అందర్ని పప్పు జేసి, మొక్కను ఉపాసం పండవెట్టినవు!"

ఆటో మొత్తం పకపక నవ్వింది. నాకైతే సిగ్గుతోటి సచ్చినంత పనైంది. అయినా లోపల మస్తు ఖుషీ, మందు దొరికింది గదా, గుట్ట మీది పచ్చి మట్టి!

పదింటికి గుట్టెక్కినం. రాళ్ల సందుల ఆరు మొక్కలు, నిండ పూలు! ఎగిరి గంతెయ్యబుద్ధయింది, ఏసిన గూడ. కింద ప్లాట్లకు హద్దురాళ్లు పాతిస్తున్న ఊరి పటేల్ ఉరికొచ్చిండు.

"మేడం, ప్లాటు జూస్తున్నరా?"

"లేదన్నా, గుప్పెడు మట్టి కావాలె."

"గంతేనా? బండెడు తీస్కపోండ్రి!"

రూత్ వేర్లు కదలకుంట మొక్క మొదట్ల మట్టి తీసి నా కుండీల పోసింది.

తిరుగు ప్రయాణం తూంకుంట మీదుగ బస్సుల. కండక్టర్ "ఎందరు?" అనంగనే రూత్ కుండీ చూపెట్టి, "లెక్కవెట్టకు అన్నా, నీ బస్సు సాలది," అన్నది. ఇద్దరం మా ఇంట్ల అడుగుపెట్టంగనే అమ్మ, "మట్టి తెచ్చినవా? కుక్కర్ పెట్టనా?" అన్నది. కుండీని కరుసుకొని ఇద్దరం బయటికి ఉరికినం.

మూడు వారాలకు కొత్త ఆకు పచ్చగ లేసింది. ఎస్టీడీ బూత్‌కు ఉరికి ఫోన్ జేసి, "రూత్, నీవోళ్లు నాదాన్ని బతికిచ్చిండ్రే!" అని ఏడ్చుకుంట నవ్విన.

"ఉత్తగనా?" అన్నది రూత్. "నీది గూడ దాని వేర్ల బుడిపెలల్ల నావోళ్లకు ఇల్లు గట్టిచ్చిందే."