శబరి మట్టం తెలియాలి

పోయినవాటితో మొదలుపెడతాను. డిగ్రీ చివరి ఏడాది గణాంకశాస్త్రం క్లాసులో ముప్పై ఒక్కమంది ఉంటే ఇరవైమంది వేరే సెక్షన్‌కు మారారు. ప్రిన్సిపాల్ గారికి నా మీద నమ్మకం పోయింది. ఒక అమ్మాయికి బీఈడీ సీటు పోయింది. మొదటి రెండూ తట్టుకోగలిగాను.

నేను కాలేజీలో లెక్కలు నేర్చినవాణ్ని కాదు. ఖమ్మం మిర్చి యార్డులో కాంటా దగ్గర పనిచేస్తూ, పాత పుస్తకాలతో కుస్తీపట్టి, పరీక్షలు ప్రైవేటుగా కట్టాను. అందుకే భద్రాచలంలో గెస్టు లెక్చరర్‌గా చేరినప్పుడు బోర్డు మీద లెక్క చేసి చూపకూడదనుకున్నాను. వారానికొక సమస్య ఇస్తాను, దారి వాళ్లే వెతుక్కోవాలి. పక్క సెక్షన్ పిల్లలు గైడు పట్టుకుని నవ్వేవాళ్లు. "మీ సారుకే రాదంట. మీతోని చేపిచ్చి నేర్చుకుంటుండు."

టేకులపల్లి అవతలి గూడెం నుంచి వచ్చిన అమ్మాయి మాత్రం మారలేదు. ఆమెకు టీచర్ కావాలని పట్టుదల. బీఈడీలో చేరాలంటే ఈ పేపర్ గట్టెక్కాలి.

ఒక వారం గోదావరి మట్టం గంటగంటకూ ఎంత పెరిగిందో ఇచ్చి, మర్నాటికి ఎంతుంటుందని అడిగాను. అందరూ గీత పొడిగించి అంకె తెచ్చారు. ఆమె తేలేదు.

"కింద గోదాట్ల కలిసే శబరి పొంగిందా లేదా సార్? అది పొంగితే మన గోదారి ముందుకు పోదు, ఎనక్కి తంతది. అది తెల్వకుండ అంకె ఎట్ల ఏస్తం?"

వాళ్ల మేనమామ ఊరు శబరి ఒడ్డునే. సమస్యలో ఏది లోపించిందో కనుక్కుంటే సగం పని అయినట్టేనని క్లాసులో అన్నాను. ఆ మాట ఆమె గట్టిగా పట్టుకుంది.

యూనివర్సిటీ పరీక్షలో నది పేరు లేకుండా అచ్చం అలాంటి ప్రశ్నే వచ్చింది. ఇచ్చిన వివరాలు చాలవు, ఉపనది మట్టం తెలియాలి అని రాసి ఆమె ఊరుకుంది. మిగిలిన పదిమందీ అంకె వేశారు, పాసయ్యారు. ఆమెకు పాసవడానికి నాలుగు మార్కులు తగ్గాయి. మళ్లీ దిద్దించినా మారలేదు.

ఇప్పుడామె ఖమ్మంలో ఒక కోచింగ్ సెంటర్ కౌంటర్లో కూర్చుంటోంది. సప్లిమెంటరీకి ఫీజు కట్టి నాకు ఫోన్ చేసింది.

"ఈపారి ఏదో ఒక అంకె ఏసి రావాల్నా సార్?"

వెయ్యమ్మా అనడానికి నోరు రాలేదు. వద్దనడానికి ధైర్యం చాలలేదు. ఆలోచించి చెప్తానన్నాను.

"మీరు ఎన్నడు జెప్పిండ్రు సార్" అని నవ్వింది.

పరీక్ష వచ్చే వారమే. నేనింకా చెప్పలేదు. నాలుగు మార్కులు బాకీ.