కోడలి ఆపరేషన్‌కి అడ్డుపడిన దాలమ్మ

గర్భసంచి తీసేస్తే గాని రక్తస్రావం ఆగదని నర్సింగ్‌హోమ్‌ డాక్టరు అన్నాడని త్రినాథ్ ఇంటికొచ్చి చెప్పాడు. అతని భార్య దుర్గాభవానికి ఇరవై తొమ్మిదేళ్లు, ఇద్దరు పిల్లలు. నెలలో సగం రోజులు మంచం దిగలేకపోతోంది.

"పిల్లలున్నారు గదా, ఇంకా ఆ సంచి దేనికి. సోమారం రమ్మన్నారు" అన్నాడు.

మొక్కజొన్న కండెలు ఒలుస్తున్న అతని తల్లి దాలమ్మ చెయ్యి ఆగింది. ఇరవై ఆరో ఏట తన గురించీ ఇదే మాట విన్నది. అత్త, మొగుడు గణపతిరావు అరుగు మీద కూర్చుని ఖాయం చేసేశారు. ఆమెనెవరూ అడగలేదు. ముప్పై దాటకుండానే ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేదు, నడుం పట్టేసింది. పనికి బద్ధకమని అత్త పోయేదాకా దెప్పింది. నలభై రెండో ఏట చేనుగట్టు మీద జారితే మణికట్టు పుల్లలా విరిగింది. "అంత చిన్న వయసులో సంచితోపాటు అండాశయాలూ తీసేస్తే ఎముకలు గుల్లబారతాయమ్మా" అని కట్టు కట్టిన డాక్టరు చెప్పేదాకా ఆమెకు తెలీదు.

"వద్దు" అంది దాలమ్మ.

"డాక్టరు సెప్పీసాడమ్మా."

"సెప్పనీ. దాన్నడిగావేట్రా?"

త్రినాథ్ భార్యవైపు చూశాడు. "నాకు బయ్యంగానే ఉన్నాది. పనికి అడ్డమైపోతన్నానని ఒప్పుకున్నాను" అంది దుర్గాభవాని.

సోమవారం అత్తాకోడళ్లు విజయనగరం బస్సెక్కారు. ప్రభుత్వాసుపత్రిలో లేడీ డాక్టరు స్కానింగ్ చూసింది. చిన్న గడ్డేనని, ఆర్నెల్లు మందులతో చూద్దామని, ఒంట్లో రక్తం ఏడు గ్రాములే ఉందని చెప్పింది. "ఇంట్లో అందరూ తిన్నాక తింటావా?" అని అడిగింది.

"మా ఇంట ఆడోల్లం అంతేనమ్మా" అనేసింది దాలమ్మ. అన్నాక సిగ్గేసింది.

ఆ సాయంత్రం మొదటి కంచం కోడలికే పెట్టింది. నీళ్ల బిందెలు కొడుక్కి అప్పజెప్పింది. కుళాయి దగ్గర నవ్వుతారని త్రినాథ్ నసిగాడు.

"నవ్వనీ. ఇదీ నాలాగైపోతే ఎవులు మోస్తారు?"

గణపతిరావు అన్నం కలుపుతూ ఆగాడు. "నాకప్పుడు తెల్దే" అన్నాడు.

"నన్నడిగినా తెల్దనే సెప్పుదును. గాని అడగాల గదా."

ఆమె ఎముకల మాత్రలు అయిపోతే మర్నాడు ఆయనే వెళ్లి తెచ్చాడు.

నాలుగో నెలకి దుర్గాభవానికి రక్తస్రావం తగ్గింది, రక్తం పదికి చేరింది. గడ్డ ఇంకా ఉంది. మళ్లీ స్కానింగ్‌కి తనే తీసుకెళ్తానని త్రినాథ్ తను చేసే ఎయిర్‌పోర్టు కట్టుబడి పనికి సెలవు పెట్టాడు.

"ఎల్లండి" అంది దాలమ్మ. "గాని అక్కడ దాన్నే మాట్లాడనీ."